ఇసకలో నాలుగు చక్రాలు

పాత బండి కొనాలంటే మా రోజుల్లో ముందు మనిషిని చూసేవాళ్ళం, ఆ తరవాతే బండిని. ఏ ఊరివాడు, ఏం పని చేస్తాడు, బండిని నీడన పెడతాడా, ఎండకీ వానకీ వదిలేస్తాడా, అడిగినవాడికల్లా తాళం ఇచ్చేసే రకమా? టెక్కలిలో ఒక పూట టీ కొట్టు దగ్గర కూచుంటే అన్నీ తేలిపోయేవి. ఇప్పుడు మా రావివలస కుర్రాళ్ళకి పాత బండంటే ఫోన్లో ఫొటో. ఫొటో నచ్చితే అడ్వాన్సు ఆ ఫోన్లోనే కొట్టేస్తారు. మర్నాడో ఎల్లుండో బండి వ్యాను మీద ఊళ్ళోకి దిగుతుంది. అమ్మినవాడి ముఖం వీళ్ళు చూడలేదు. కొన్నవాడి చెయ్యి ఎలాంటిదో వాడికి అక్కర్లేదు.

మా మనవడూ అలాగే తెచ్చుకున్నాడు. అది నాలుగు చక్రాల మోటారు సైకిలు. క్వాడ్ బైకంటారు, ఏటీవీ అని కూడా అంటారు. బొద్దు టైర్లు, మోటారు సైకిలు హ్యాండిలు, కాళ్ళు చెరో పక్కకి వేసుకుని కూచునే సీటు. ఎక్కడో బీచిలో అద్దెకు తిప్పినదాన్ని రంగు పూసి అమ్మారు. "తాతా, మన తోట ఇసకలో తిరగాలంటే దీన్ని మించింది నేదు" అన్నాడు దించుతూనే. ఆ మాట నిజం. నా కోపమంతా అందుకే. పనికిరాని వస్తువైతే నాలుగు రోజులు తిప్పి మూల పడేస్తాడులే అని ఊరుకుందును. పనికొచ్చే యంత్రాన్ని తెలీక పాడుచేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

మా ఇల్లు రావివలసలో ఉన్నా తోట మా ఆవిడ తరఫుది, వజ్రపుకొత్తూరు వైపు, సముద్రానికి దగ్గర్లో. ఉద్దానం నేల ఎరగనివాళ్ళకి కాస్త చెప్పాలి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట మొదలుకుని మందస, పలాస, వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి, జీడి, పనస తోటలే. సముద్రం దగ్గరపడేకొద్దీ కాళ్ళ కింద ఇసకే. నడిస్తే మడమ దిగబడుతుంది. సైకిలెక్కితే ముందు చక్రం తిరిగిన వైపే మనమూ పడతాం. జీడి పిక్కలు రాలే కాలం ఎండలు ముదిరే కాలం. ఆ ఎండలో పిక్కల బస్తా నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా మోశాం. అక్కణ్ణించి పలాస కాశీబుగ్గకి పంపేవాళ్ళం. కొబ్బరికాయలు కావిళ్ళతో మోసేవారు. ఎడ్లబండి తోటలోకి దింపితే ఇద్దరు మనుషులు చక్రాల ఆకులు పట్టి తోస్తే గానీ తిరిగి రోడ్డెక్కేది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లు, జీడి చెట్లు పడిపోయి తోటల్లోకి దారే లేకుండా పోయింది. కరెంటు లేదు, మంచినీళ్ళ డబ్బాలు భుజం మీదే. చెట్లు కోసి సందు చేసుకున్నాక ఆ ఇసకలో బరువు లాగగలిగే చిన్న బండి ఒక్కటుంటే ఎన్ని ప్రాణాలకి ఊపిరి పోసేదో నేనెరుగుదును. కాబట్టి ముసలాడికి కొత్తది గిట్టదని ఎవరూ అనుకోవద్దు. ఈ బండి మా నేలకి పనికొస్తుంది. దాన్ని కొనే పద్ధతి, చూసుకునే పద్ధతి మాత్రం నాకు గిట్టడం లేదు.

మేం ఎలా కొన్నామో చెబుతాను.

1980ల మొదట్లో కొత్త స్కూటరు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. బజాజ్ చేతక్ బుక్ చేసినవాడు పెళ్ళి చేసుకుని, పిల్లాణ్ణి బళ్ళో వేశాక బండి వచ్చిన ఇళ్ళున్నాయి. ఆ కరువులో వాడిన స్కూటరు ఒక్కోసారి కొత్తదాని కంటే ఎక్కువ పలికేది. మాబోటి వాళ్ళకి రాజ్‌దూతే దిక్కు. ఎస్కార్ట్స్ వాళ్ళు 1962లో మొదలుపెట్టిన బండి అది, పోలండ్ దేశపు నమూనా. నూట డెబ్బై మూడు సీసీ, రెండు స్ట్రోకుల ఇంజను. పాలవాళ్ళు, బడిపంతుళ్ళు, పల్లెలు తిరిగే ఉద్యోగస్తులు దాన్నే నమ్ముకున్నారు.

నేను కొన్నది మెళియాపుట్టి వైపు పనిచేసిన ఒక పశువుల డాక్టరు గారి దగ్గర. ఆయన బండి చూపించే ముందు ఒక నోటు పుస్తకం చూపించారు. ఎప్పుడు పెట్రోలు పోయించారో, ఎప్పుడు గేరాయిలు మార్చారో, క్లచ్ ప్లేట్లు ఏ నెలలో వేయించారో అంతా అందులో ఉంది. తరవాత బండిలో ఉన్న లోపాలు ఆయనే చెప్పారు. ముందు ఫోర్కుల్లో ఒకటి ఆయిలు కారుతోందనీ, వానలో తడిస్తే పాయింట్లు మొరాయిస్తాయనీ, కిక్కు ఎలా కొడితే అందుకుంటుందో అదీ చెప్పారు. డబ్బు పుచ్చుకున్నాక వెంటనే పంపించలేదు. అరుగు మీద కూచోబెట్టి నాచేత ప్లగ్గు విప్పించారు, మసి గీయించారు, గ్యాపు చూపించి బిగించమన్నారు. పాయింట్లు గరుకు కాయితంతో ఎలా రుద్దాలో చెప్పారు. పెట్రోల్లో ఆయిలు తక్కువ కలిపితే ఇంజను పట్టేస్తుంది, ఎక్కువైతే సైలెన్సరు మసి పట్టి ఊపిరాడక చస్తుంది అని హెచ్చరించి అప్పుడు తాళం ఇచ్చారు. "ఏదైనా వస్తే నా దగ్గరికే రండి బాబూ" అన్నారు. బదిలీ అయి వెళ్ళేదాకా నేను ఆయన దగ్గరికి వెళుతూనే ఉన్నాను.

ఆ రోజుల్లో అమ్మినవాడు ఎదురుగా ఉండేవాడు. ఊళ్ళో, సంతలో, పెళ్ళిళ్ళలో కనబడాలి కాబట్టి అబద్ధం చెప్పడానికి జంకేవాడు. ఇప్పుడా జంకు పోయింది. మరి జంకు లేని చోట కొనేవాడి కళ్ళు, చేతులు రెండింతలు పనిచెయ్యాలి కదా! ఈ కుర్రాళ్ళు చేతులకి మసి అంటనివ్వరు. బండి గతం చెప్పే మనిషి లేకపోతే బండిచేతే చెప్పించుకోవాలి. అది చెబుతుంది, అడగడం తెలిస్తే.

మా వాడి బండి దిగిన సాయంత్రమే టెక్కలి నుంచి నాకు తెలిసిన పాత మెకానిక్‌ని పిలిపించాను. అతనికీ ఈ రకం కొత్తే. అయినా ఇంజను ఇంజనే, బేరింగు బేరింగే. ఇద్దరం కూచుని చూసినదంతా ఇక్కడ రాస్తున్నాను. మా చుట్టుపక్కల ఇంకెవరైనా ఇలాంటి పాత బండి కొనబోతుంటే డబ్బు ఇవ్వకముందే ఇవి చూసుకోవాలి.

మొట్టమొదట ఇంజను మీద చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉండాలి. మనం వెళ్ళేసరికే వేడిగా ఉందంటే, చల్లటి ఇంజను తొందరగా అందుకోదని అమ్మేవాడికి తెలిసే ముందుగా తిప్పి ఉంచాడన్న అనుమానం పెట్టుకోవాలి. ఆ తరవాత ఎయిర్ ఫిల్టరు. ఇసకలో తిరిగిన బండికి అసలు జాతకం అక్కడే ఉంటుంది. సీటు ఎత్తి ఫిల్టరు డబ్బా మూత తీసి, ఫిల్టరు బయటికి లాగి, ఇంజను వైపు వెళ్ళే గొట్టం లోపల గుడ్డతో తుడవాలి. గుడ్డకి ఇసక గరుకు తగిలితే ఆ ఇసక ఇంజనులోకి పోతూనే ఉన్నట్టు. పిస్టను, బోరు గీతలు పడి ఉంటాయి. అలాంటి బండి ఎంత మెరిసినా కొనకూడదు. మా వాడి బండి ఫిల్టరు చూస్తే స్పాంజి అట్టకట్టి ముట్టుకోగానే పొడి అయిపోయింది. గొట్టంలో ఇసక. ఫొటోలో మాత్రం పెట్రోలు ట్యాంకు నిగనిగలాడింది.

ఇంజనాయిలు తెల్లగా మజ్జిగ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు పోయాయన్నమాట. బీచిలో అద్దెకు తిప్పే బళ్ళని అలల్లోకి దింపడం మామూలే. ఆ పైన బండి ముందు భాగం ఎత్తి చక్రాన్ని కిందా మీదా పట్టుకుని ఊపాలి. లొడ లొడలాడితే బేరింగో బాల్ జాయింటో అరిగినట్టు. పక్కలు పట్టి ఊపితే కదిలిందంటే స్టీరింగ్ కడ్డీల చివర్లు పోయాయి. వెనక చైన్‌ని స్ప్రాకెట్ వెనక వైపు వేలితో లాగి చూడాలి. పళ్ళలోంచి పైకి లేచిందంటే చైనూ స్ప్రాకెట్టూ రెండూ మార్చాల్సిందే, ఒకటి మారిస్తే రెండోది దాన్ని తినేస్తుంది. ఇరుసుకి చైన్ బదులు షాఫ్టులుండే రకమైతే వాటి రబ్బరు తొడుగులు చిరిగాయేమో చూడాలి. చిరుగులోంచి పోయిన ఇసక జాయింటుని నూరేస్తుంది. ఆఖర్న బండి కిందికి దూరి చాసిస్ వెంట దీపం వేసి చూడాలి. వెల్డింగు మచ్చలు, వాటి మీద వేసిన కొత్త రంగు కనబడితే అది ఒకప్పుడు తిరగబడ్డ బండి.

తిరగబడటం గురించి చెప్పకుండా దాటకూడదు. ఈ బండి చరిత్రే అది. 1970లో హోండా వాళ్ళు మొదట మూడు చక్రాలతో చేశారు. అవి బోర్లాపడి ప్రాణాలు పోవడంతో అమెరికాలో 1988లో కొత్త మూడు చక్రాల బళ్ళ అమ్మకం ఆపేశారు. అంతకు ముందే 1982లో సుజుకీ నాలుగు చక్రాల బండి తయారుచేసింది. నాలుగు చక్రాలున్నాయి కదా, ఇంక పడదు అని మా కుర్రాళ్ళ ధీమా. ఆస్ట్రేలియాలో పొలాల్లో రైతులు ఈ నాలుగు చక్రాల బళ్ళ కిందే నలిగి చనిపోతుంటే, పొలం పనులకి వాడే కొత్త బండి ఏదైనా వెనక కాపుదల బిగిస్తే గానీ అమ్మకూడదని 2021 అక్టోబరు నుంచి చట్టం పెట్టారు. వ్యవసాయంలో దశాబ్దాలుగా వాటిని నడిపిన దేశమే అంత భయపడితే, నిన్న ఎక్కిన మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

తారు రోడ్డు మీద దీని ప్రవర్తన వేరు. మా వాడిది లాంటి చైన్ బండిలో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగిసి ఉంటాయి, రెండూ ఒకే లెక్కన తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఇసకలో అయితే లోపలి చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. హ్యాండిలు తిప్పినా బండి తిన్నగా ముందుకే పోతానంటుంది, గట్టిగా తిప్పితే పక్కకి లేస్తుంది. ఎక్కువ బళ్ళు ఒక్క మనిషి కోసం చేసినవి. నడిపేవాడు మలుపులో ఒళ్ళు అటూ ఇటూ జరపాలి, అందుకే సీటు అంత పొడుగు. ఆ పొడుగు చూసి ముగ్గురు గుంటలు ఎక్కేస్తున్నారు. నేను కళ్ళారా చూశాను, రావివలస రోడ్డు మీద, నెత్తిన హెల్మెట్టు లేకుండా, పక్కన నల్లరాయి దిమ్మలు మోసే టెక్కలి గ్రానైటు లారీలు పోతుంటే. వాళ్ళలో ఒకడు మా వాడే. ఆ సాయంత్రం మా ఇంట్లో అన్నాలు ఆలస్యంగా తిన్నాం.

కాయితాల సంగతీ అంతే. మా రోజుల్లో సీ బుక్కు చేతిలో పడందే డబ్బు చెయ్యి మారేది కాదు. దాని మీద ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండితో సరిచూసి, శ్రీకాకుళం వెళ్ళి పేరు మార్పించుకుని వచ్చేదాకా నిద్ర పట్టేది కాదు. "దీనికి సీ బుక్కు ఉండదు తాతా, ఈ బళ్ళకి అంతే" అన్నాడు మా వాడు ఎంతో తేలిగ్గా. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కకూడదు, బీమా లేనిదీ ఎక్కకూడదు. మన దేశంలో అమ్మే ఈ రకం చిన్న బళ్ళకి చాలావాటికి రోడ్డు అనుమతే లేదు. సొంత తోటలో తిప్పుకోవచ్చు, ఊళ్ళో రోడ్డు మీద కాదు. ఎవరినైనా గుద్దితే ఆ నష్టం ఇంటిల్లిపాదీ అమ్ముకుని కట్టాలి. సీ బుక్కు లేకపోయినా కొన్న రసీదు, అమ్మినవాడి గుర్తింపు కాయితం నకలు, చాసిస్ నంబరు వేసిన ఒక ఒప్పందం రాయించుకోవాలి. లేకపోతే దొంగ బండి అని ఎవరైనా వస్తే చూపడానికి ఏమీ ఉండదు. ఆ కాయితం కోసం మా వాడిచేత అమ్మినవాడికి ఫోను మీద ఫోను చేయించాను. ఆఖరికి తెప్పించాం.

బండిని రావివలసలో ఉంచనివ్వలేదు. ఆటో ట్రాలీ మీద ఎక్కించి తోట దగ్గర పాకలో పెట్టించాం. అక్కడ దాని అసలు శత్రువులు ఉన్నాయి: ఇసక, ఉప్పుగాలి. నౌపడ ఉప్పు మళ్ళ వైపు కాపురం చేసినవాళ్ళని అడగండి, కిటికీ ఊచలు ఎన్నేళ్ళు ఉంటాయో. తోట పాకలో గోడకి కొట్టిన మేకులే ఒక వానాకాలానికి పొరలు లేస్తాయి. అలాంటి చోట యంత్రం నిలవాలంటే రోజూ చెయ్యి పడాలి.

మా రోజుల్లో ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టకుండా బయల్దేరేవాళ్ళం కాదు. ఆముదంలో గడ్డి మసి కలిపి వెదురు గొట్టంలో పోసి బండి కిందే వేలాడదీసుకునేవాళ్ళం. రాజ్‌దూత్ వచ్చాక చైన్‌ని కిరసనాయిలుతో కడిగి గ్రీజులో ముంచడం ఆదివారం పని. చిన్నపిల్లలు కూడా పక్కన కూచుని చూసేవాళ్ళు, అలా నేర్చుకునేవాళ్ళు. ఇప్పుడు ఆదివారం అంటే నిద్ర, లేస్తే ఫోను. బండి ఆగితే షెడ్డుకి తోసుకుపోవడం, వాడు చెప్పిన డబ్బు ఇచ్చి రావడం. లోపల ఏం మార్చాడో అడగరు. పాత సామాను చూపించమని అడగరు. నేను ఏ షెడ్డుకెళ్ళినా విప్పిన సామాను కాగితంలో పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చుకునేవాణ్ణి.

ఇప్పుడు మా వాడికి పెట్టిన నియమాలు ఇవి. తోటలో తిప్పిన ప్రతి వారం ఫిల్టరు స్పాంజి తీసి సబ్బు నీళ్ళతో మెత్తగా పిండి కడగాలి, మెలిపెడితే చిరుగుతుంది. నీడన పూర్తిగా ఆరాక ఫిల్టరాయిలు పట్టించి మళ్ళీ పిండాలి. ఇసక పొడిని పట్టి ఆపేది ఆ ఆయిలే, పొడి స్పాంజిలోంచి సన్న ఇసక దూరిపోతుంది. ఉప్పు నీళ్ళు తగిలినా తగలకపోయినా బండిని మంచినీళ్ళతో కడగాలి. వాటర్ సర్వీసింగు వాళ్ళ గొట్టం మాత్రం బేరింగుల మీదికి పట్టకూడదు, ఆ వేగానికి సీళ్ళు దాటి నీళ్ళూ ఇసకా లోపలికే పోతాయి. బకెట్టూ మగ్గూ చాలు. కడిగాక చైన్ తుడిచి ఆయిలు వెయ్యాలి, వైర్లు కలిసే చోట్ల పల్చగా గ్రీజు రాయాలి. అమ్మిన మనిషి ఏం చెప్పినా ఇంజనాయిలు మొదట్లోనే మార్చెయ్యాలి, పాతది ఎప్పటిదో ఎవరికి తెలుసు?

టైర్లలో గాలి గురించి పెద్ద గొడవే అయింది. ఈ బొద్దు టైర్లకి మోటారు సైకిలు టైరుకి కొట్టే గాలిలో అయిదో వంతు కూడా అక్కర్లేదు. నాలుగైదు పౌన్లు చాలు, కంపెనీ వాళ్ళు టైరు మీదో బండి మీదో రాసే ఉంచుతారు. గాలి తక్కువుంటేనే టైరు ఇసక మీద పరుచుకుని తేలుతుంది. పంక్చరు షాపులో మామూలుగా ముప్ఫై కొట్టేశారు. వాళ్ళ మీటరులో అయిదు పౌన్లు సరిగ్గా కనబడనే కనబడవు. ఆ గాలితో బండి గంతులేసి జీడి చెట్టు మొదట్లోకి పోయింది. దేవుడి దయ, మా వాడికి మోచెయ్యి గీరుకుని ఊరుకుంది. చిన్న లెక్కలు చూపే మీటరు వేరే దొరుకుతుంది. అది తెప్పించి తాళం గుత్తికే కట్టించాను.

నోటు పుస్తకం ఒకటి కొనిచ్చాను. తారీకు, ఏం చేశాడు, ఎంత ఖర్చు - మూడే గళ్ళు. "ఫోన్లో రాసుకుంటాను తాతా" అన్నాడు. ఫోను మారుస్తావు, బండి అమ్మేస్తావు, అమ్మిన రోజున కొన్నవాడి చేతిలో ఏం పెడతావు అని అడిగితే మాట్లాడలేదు. రాస్తున్నాడు. వంకరటింకర అక్షరాలే గానీ రాస్తున్నాడు.

ఇంక సముద్రపు ఒడ్డు. ఇది మా రోజుల్లో ఎవరూ చెప్పక్కర్లేని విషయం. జనవరి నుంచి తాబేళ్ళు రాత్రిళ్ళు మా తీరానికి వచ్చి ఇసకలో గొయ్యి తీసి గుడ్లు పెడతాయి. ఆలివ్ రిడ్లే అంటారు వాటిని. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి అది, పులికి ఎంత రక్షణో దానికీ అంతే. మా చిన్నప్పుడు మొగలి పొదల అవతల తాబేలు పాకిన జాడ కనబడితే పెద్దవాళ్ళు పక్కనుంచి నడిపించేవారు. ఇప్పుడు బీచిలో బండి దింపి ఒకడు నడుపుతుంటే ఇంకొకడు వీడియో తీస్తున్నాడు. బొద్దు టైరు బరువుకి గుంట మీద ఇసక అణిగి గట్టిపడుతుంది, కింద పిల్ల పైకి రాలేదు. వచ్చినా చక్రాల గాడిలో పడి సముద్రం వైపు దారి తప్పుతుంది. కాకులు, కుక్కలు ఏరుకుంటాయి.

జనవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా సరుగుడు తోట దాటి బండి దిగడానికి వీల్లేదని చెప్పాను.

"మరి మే నెలలో?" అన్నాడు.

గుడ్డు పెట్టాక పిల్ల బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఏప్రిల్‌లో పెట్టిన గుడ్లకి ఆ లెక్క నువ్వే వేసుకో అన్నాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. జూన్ దాకా బీచికి వెళ్ళనన్నాడు.